యెరికో త్రోవలో గ్రుడ్డివారు ఎందరు?



ఒక బుధవారపు ప్రార్థన కూటము ముగిసిన తరువాత మా సంఘములోని యౌవనస్థుడొకడు బైబిలు చేతపట్టుకొని మా యొద్దకు వచ్చెను. మత్తయి 20వ అధ్యాయములో ప్రభువు యెరికోనుండి వెళ్లుచుండగా ఇద్దరు గ్రుడ్డివారు కేకలు వేసిరి. మార్కు 10వ అధ్యాయములోను వెళ్లుచుండగానే, గాని ఒక్కడే. తీమయి కుమారుడగు బర్తిమయి. లూకా 18వ అధ్యాయములోను ఒక్కడే, అయితే అది ప్రభువు యెరికోను సమీపించినప్పుడు. "అయ్యగారూ, ఇందులో ఏది నిజమండి?" అని అతడు అడిగెను.

మేము సెమినరీలో నేర్చిన జవాబు వెంటనే చెప్పితిమి. యెరికోలు రెండు; పాత పట్టణపు దిబ్బ ఒకటి, కొంత దూరమున హేరోదు కట్టడములున్న క్రొత్తది ఒకటి. మొదటిదానిని విడిచి రెండవదానిని సమీపించుచుండగా ఇది జరిగెనంటిమి. అతడు సంతోషించి, "ఆ సంగతి ఏ సువార్తలో ఉన్నదండి? గురుతు పెట్టుకొందును" అనెను. ఏ సువార్తలోను లేదు. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

రెండు స్థలములుండుట నిజమే, త్రవ్వకములలో బయల్పడినదే. గాని "జరిగియుండవచ్చును" అనవలసినచోట "జరిగెను" అంటిమి. యోబు 13వ అధ్యాయము చూడుడి. దేవుని పక్షమున నిలిచితిమనుకొని న్యాయము కాని మాటలు పలికిన స్నేహితులను యోబు ఎంత కఠినముగా నిలదీసెనో! కాపరులమైన మాకు ఆ శోధన మరి ఎక్కువ.

ఒక్కడా ఇద్దరా అనునది పెద్ద చిక్కు కాదు. సంతలో ఇద్దరు కనబడినను, ఇంటికి వచ్చి మనకు తెలిసినవాని పేరే చెప్పుదుము. లోపలికి వెళ్లునప్పుడా, బయటికి వచ్చునప్పుడా అనునదే కష్టము. లూకా చెప్పినవాడు వేరొకడని అగస్టీను తలంచెను. వాడు ప్రవేశమున కేకవేసి, ప్రభువు వెళ్లునప్పుడు చూపు పొందెనని కాల్విను తలంచెను. ఇద్దరును మహాబోధకులే, జవాబులు మాత్రము రెండు.

క్రీ.శ. 170 ప్రాంతమున తతియాను అనునతడు నాలుగు సువార్తలను కలిపి ఒకే కథగా కూర్చెను. సిరియా సంఘములు దానిని చాలకాలము చదివెను. మత్తయి, లూకా వ్రాసిన వంశావళులు అందులో లేవు. 5వ శతాబ్దమున థియోదొరేతు అను బిషపు దీనిని ఆక్షేపించి, 200కు పైగా ప్రతులను తీసివేయించి, వాటికి బదులు నాలుగు సువార్తలను ఉంచెను. అతికిన కథ చదువుటకు సుళువే. అయినను సంఘము నలుగురి మాటను నలుగురిదిగానే నిలుపుకొనెను.

మరుసటి బుధవారము ఆ యౌవనస్థుని పిలిచి, మేము చెప్పినది ఊహయేననియు, నిశ్చయముగా మాకు తెలియదనియు ఒప్పుకొంటిమి. అతడు కొంతసేపు ఊరకుండి, "అయితే మూడు భాగములును ఇప్పుడు వరుసగా చదువుదమండి" అనెను. చదివితిమి. మూడింటిలోను జనులు ఊరకుండుమని గద్దించిరి. మూడింటిలోను కేక మరి బిగ్గరయ్యెను. మూడింటిలోను ప్రభువు నిలిచి, తాను ఏమి చేయగోరుచున్నారని అడిగెను.