గోల్‌పోస్టు దగ్గర నాలుగో అధ్యాయం

బస్తర్‌లో అబూజ్‌మడ్ అడవుల అంచున నారాయణపూర్ ఉంది. అక్కడి రామకృష్ణ మిషన్ ఆశ్రమాన్ని 1985లో గిరిజనుల కోసం పెట్టారు. ఈమధ్య దాని పేరు ఎక్కువగా వినిపిస్తున్నది మాత్రం ఫుట్‌బాల్ వల్ల. 2024లో అండర్-20 జాతీయ పోటీలు ఆ ఆశ్రమం మైదానంలోనే జరిగాయి. సన్యాసులకు బంతితో పనేమిటంటారా? గీత చదవడం కంటే ఫుట్‌బాల్ ఆడితేనే స్వర్గానికి దగ్గరవుతారని వివేకానందుడు 1897లోనే మద్రాసు యువకులకు చెప్పాడు. ఒంట్లో సత్తువ ఉంటేనే గీత బుర్రకెక్కుతుందని ఆయన ఉద్దేశం.

సరే, మరి గోల్‌కీపర్ సంగతేమిటి? ఆటలో చాలాసేపు నిలబడే ఉంటాడు కదా!

నిలబడటం కూడా పనేనా అన్న చిక్కును గీత నాలుగో అధ్యాయం ఎప్పుడో ఎత్తుకుంది. కర్మలో అకర్మను, అకర్మలో కర్మను చూడమంటాడు కృష్ణుడు. గోల్‌పోస్టు దగ్గరా ఇదే చిక్కు. 2007లో అచ్చయిన ఒక ఇజ్రాయెల్ అధ్యయనం 286 పెనాల్టీ కిక్‌లను పరిశీలించింది. నూటికి 93 సార్లకు పైగా గోల్‌కీపర్లు ఏదో ఒక పక్కకు దూకారు. నిజానికి మధ్యలో నిలబడితేనే బంతి ఆగే అవకాశం ఎక్కువ! కానీ నిలబడి గోల్ ఇస్తే చేతకానివాడంటారు, దూకి ఇస్తే పాపం, ప్రయత్నించాడంటారు. గెలుపు మీద ఆశ వదులుకోవచ్చునేమో గానీ, ఏదో చేస్తున్నట్టు నలుగురికీ కనిపించాలన్న ఆశ వదలడం కష్టం.

ఆ ఆశ వదిలినట్టు కనిపించేవాళ్లూ ఉన్నారు. ఐర్లండ్‌లో ఆడే గేలిక్ ఫుట్‌బాల్ జీతం లేని ఆట. డబ్లిన్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన స్టీఫెన్ క్లక్స్‌టన్ బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి. 2011 ఆల్ ఐర్లండ్ ఫైనల్లో ఆఖరి క్షణాల్లో ఫ్రీకిక్ కొట్టి, కెర్రీ మీద ఒక్క పాయింటు తేడాతో 16 ఏళ్ల తర్వాత డబ్లిన్‌కు కప్పు తెచ్చిపెట్టాడు. విలేకరులకు మాత్రం దొరికేవాడు కాదు.

మన దగ్గర గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉండేవాడు. 1935లో హైదరాబాద్‌లో పుట్టి, సైన్యంలో సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలై గోల్‌పోస్టుకు మారాడు. అంటే గోల్స్ కొట్టే చోటు వదిలి, గోల్స్ పడితే తిట్లు తినే చోటికి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఫ్లూతోనే బరిలో దిగాడు. హైదరాబాదీ కోచ్ రహీమ్ తయారుచేసిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. స్కోరు పక్కన పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ పేర్లుంటాయి. తంగరాజ్ ఖాతాలో మిగిలింది లోపలికి పోయిన ఆ ఒక్క బంతే. ఆపిన బంతులను స్కోరులో రాయరు.

1967లో ప్రభుత్వం ఆయనకిచ్చిన పురస్కారం పేరు అర్జున.