తగ్గిన వెలుగును చూచే కన్ను



కానా పల్లెలో జరిగిన పెండ్లి మీ అందరికీ తెలిసినదే. విందు సాగుతోంది, అతిథులు సంతోషంగా ఉన్నారు. ద్రాక్షారసం అయిపోయిందని విందు పెద్ద గమనించినట్లు సువిశేషంలో లేదు. గమనించింది మరియతల్లి. ఆ కొరతను ఆమె పదిమందిలో చాటలేదు. తన కుమారుని చెవిన వేసింది. ఇంట్లో తరిగిపోతున్నదాన్ని చూడగలిగే ఆ కన్నును గురించి ఈ వారం ధ్యానిద్దాం. ఇందుకు ఆకాశం మనకొక పాఠం చెబుతుంది.

మన సూర్యుని చుట్టూ గ్రహాలు తిరుగుతున్నట్లే ఇతర నక్షత్రాల చుట్టూ కూడా తిరుగుతున్నాయి. గ్రహానికి సొంత వెలుగు లేదు. నక్షత్ర కాంతిలో అది కలిసిపోతుంది. అయితే అది తన నక్షత్రానికీ మనకూ నడుమగా దాటినప్పుడు ఆ నక్షత్రపు వెలుగు రవంత తగ్గుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు ట్రాన్సిట్ అంటారు. 2004లోను, 2012లోను జూన్ మాసంలో శుక్రుడు నల్లని చుక్కలా సూర్యబింబాన్ని దాటడం మన దేశంలోనూ చాలామంది చూచారు.

ఇలా ఒక గ్రహం సూర్యుణ్ణి దాటడాన్ని మొదట కనిపెట్టి చూచినవారు ఒక కతోలిక గురువు. ఆయన పేరు పియేర్ గసెండి. కెప్లర్ ముందే వేసిన లెక్కను నమ్మి, 1631 నవంబరు 7న పారిస్‌లో సూర్యబింబాన్ని కాగితంమీద పడేట్లు చేసి, బుధగ్రహం కోసం కనిపెట్టుకొని ఉన్నారు. కనిపించిన చుక్క ఆయన అనుకున్నదానికంటే ఎంతో చిన్నది. సూర్యునిమీది మచ్చేమో అనుకున్నారు. అయినా చూపు తిప్పుకోలేదు. చుక్క త్వరగా కదిలిపోతుంటే అది బుధుడేనని గ్రహించారు.

2018 ఏప్రిల్‌లో అమెరికావారి నాసా సంస్థ టెస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. దానికి నాలుగు కెమెరాలు. మనకు దగ్గరగా ఉండి ప్రకాశవంతంగా వెలిగే నక్షత్రాలను చూడడమే దాని ముఖ్యమైన పని. వెలుగు ఎక్కువైతే స్వల్పమైన తగ్గుదలను కూడా కొలవవచ్చు. అదే ఏడాది అది 'పై మెన్సే' అనే నక్షత్రం దగ్గర ఒక చిన్న గ్రహాన్ని కనిపెట్టింది. సుమారు 60 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ నక్షత్రం దక్షిణ దేశాలవారికి మామూలు కంటికే కనిపిస్తుంది. దానికి ఒక పెద్ద గ్రహం ఉందని 2001లోనే తెలుసు. చిన్నది మాత్రం అన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. అది దాటినప్పుడు తగ్గే వెలుగు పదివేల వంతులలో దాదాపు మూడు వంతులే!

మన ఇంటివారు కూడా ఇలా దగ్గరివారే. రోజూ చూస్తున్నాం గనుక అంతా తెలుసుననుకుంటాం. హాస్టలునుండి ఫోనులో మాట్లాడే బిడ్డ గొంతులో, మూలగదిలో మంచంమీది అవ్వ ముఖంలో, పొలంనుండి మౌనంగా తిరిగివచ్చిన భర్త చూపులో రవంత వెలుగు తగ్గితే గమనిస్తున్నామా?

గమనించినా తొందరపడి తీర్పు చేయరాదు. వెలుగు ఒకసారి తగ్గగానే శాస్త్రజ్ఞులు గ్రహమని ప్రకటించరు. రెండు నక్షత్రాలు ఒకదానినొకటి కప్పుకున్నా అలాగే కనబడవచ్చు. అందుకే మళ్లీ మళ్లీ చూస్తారు, వేరే టెలిస్కోపులతో సరిచూస్తారు. బిడ్డ ముఖం వాడితే "ఫోను ఎక్కువైంది, చదువు తక్కువైంది" అని గద్దించేముందు పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి.

మరొక మాట. కక్ష్య మన చూపుకు ఎదురుగా లేకపోతే ఆ గ్రహం ఎన్నడూ అడ్డురాదు. భూమివంటి గ్రహం సూర్యునివంటి నక్షత్రాన్ని మనకు కనబడేట్లు దాటే అవకాశం 200లో ఒక్కటి మాత్రమే. కొందరి దుఃఖం కూడా అంతే. పరీక్షా ఫలితాల వేళ బిడ్డను పోగొట్టుకొని, "మాకేమీ తెలియలేదయ్యా" అని ఏడ్చిన తల్లిదండ్రులను మన తెలుగు నేలమీద చూచాం. వారిని నిందించకండి. ఆ దుఃఖం వారి చూపుకు అడ్డురాలేదు. అందుచేతనే ముఖం నవ్వుతున్నా సరే, అడగండి. అవసరమైతే వైద్యునివద్దకు తీసుకువెళ్లండి. అది విశ్వాసలోపం కాదు.

జనసమూహం తోసుకొనివస్తున్నా తన వస్త్రపుటంచును తాకిన ఒక్క స్త్రీని యేసు ప్రభువు గుర్తించారు. ఆయనకు కనిపించని దుఃఖం లేదు. ఈ వారం జపమాల ముగిశాక టీవీని, సెల్‌ఫోనును కాసేపు పక్కనపెట్టి ఒకరి ముఖం ఒకరు చూచుకోండి. కనిపించిన కొరతను ఊరంతా చాటక, మరియతల్లివలె ప్రభువుకు విన్నవించండి. తగ్గిన వెలుగును ఆయనే నింపునుగాక. ఆమెన్.