గ్రుడ్లతో నున్న చేప



గత ఆగస్టు నెలాఖరున మేము ఆరు దినములు సంఘమునకు దూరముగా నుంటిమి. తిరిగి వచ్చిన ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట, వృద్ధుడైన ఒక సంఘపెద్ద మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, చేపల వేటకు వెళ్లారంట. మంచిదేనండి. మరి మాకేమైనా తెచ్చారా?" అని నవ్వుచు అడిగిరి. ఆయన వేళాకోళమునకే అడిగిరి గాని, మేము నిజముగా ఒకటి తెచ్చితిమి. అది చేప కాదు, ఒక ప్రశ్న. దానిని మీయెదుట ఉంచవలెనని ఈ నెల ఈ పుట వ్రాయుచున్నాము.

అలసినవాడు విశ్రమించుట పాపము కాదు. సువార్త ప్రకటించి అలసి వచ్చిన శిష్యులను ప్రభువు మందలింపలేదు. ఏకాంత స్థలమునకు వెళ్లి కొంతసేపు సేదదీరుడని పిలిచి, వారిని దోనె ఎక్కించెను (మార్కు 6:31, 32). మేమును, సెమినరీలో మాతో చదివిన ముగ్గురు స్నేహితులును ఏరు చూడవలెనని ఇరువది యేండ్లుగా అనుకొనుచుంటిమి. వారిలో ఒకరు కోనసీమలో ఒక లంక గ్రామమున కాపరిగా నున్నారు. ఒకరు బడిపంతులు. మరియొకరు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నారు. ఈ యేడు వరద తీసిన తరువాత ఒక జీపు మాట్లాడుకొని, రెండు గాలములు, ఒక విసురువల, వంటగిన్నెలు, బియ్యము వేసికొని రాజమహేంద్రవరము నుండి బయలుదేరితిమి.

మొదట ధవళేశ్వరమున ఆగితిమి. కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట స్థలమది. దానికి బదులుగా కట్టిన తలుపుల బ్యారేజి 1982లో పూర్తియైనది. ఆనకట్టకు ముందు కరువులతో అలమటించిన జిల్లా అది. కాలువలు వచ్చిన తరువాత అన్నము పెట్టు జిల్లా ఆయెను. ఆ మేలు ఎరిగిన రైతులు నేటికిని దొరగారి విగ్రహమునకు దండలు వేయుచున్నారు. అయితే ఆ గోడ దిగువను నిలిచి చూచినప్పుడు, మా పంతులుగారు, "మనకు అన్నం పెట్టిన ఈ గోడే చేపకు దారి మూసిందిరా" అనెను. ఆ మాట అప్పుడు మేము అంతగా లక్ష్యపెట్టలేదు.

అక్కడ నుండి ఏటిగట్టు మీదుగా కోటిపల్లి వరకు పోయితిమి. దారిలో కాలువ గట్టున కూర్చుండి గాలము వేసి కొన్ని జెల్లలు, పరిగెలు పట్టితిమి. కోటిపల్లి రేవున పంటు మీద జీపునెక్కించి, గౌతమి దాటి ముక్తేశ్వరము చేరి, మా స్నేహితుని లంకకు పోయితిమి. ఆ లంకలో ఒక మత్స్యకారుడు తన తమ్మునితో కూడ రాత్రి వేటకు పోవుచు, మమ్మును వేరొక నావలో తన వెంట రానిచ్చెను. వారు వలను ఏటికి అడ్డముగా జారవిడిచి నీటితో పాటు దిగువకు తేలిపోవుదురు. మేమును తెడ్డు వేయక వారి వెనుక తేలుచుంటిమి. పైన నక్షత్రములు, క్రింద ఎర్రనీరు. ఆ రాత్రి మా నలుగురి మనస్సులును చిన్నపిల్లల మనస్సులవలె తేలికపడెను. ఇందు నిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లించితిమి.

తెల్లవారునప్పటికి ఆ అన్నదమ్ముల వలలో పడినది ఒక్క పులస. కిలోకు కొంచెము ఎక్కువ తూగును. సముద్రములో విలస అనబడు ఈ చేప, వరదల కాలమున ఎర్రనీరు తగిలినప్పుడు గ్రుడ్లు పెట్టుటకు ఏటికి ఎదురీదుచు వచ్చును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరివారు చెప్పుకొను సామెత మీరెరుగుదురు. అతడు 6,000 రూపాయలు అడిగెను. హైదరాబాదు స్నేహితుడు బేరమాడెను. మేమును ప్రక్కనుండి రెండు మాటలు సాయము వేసితిమి. "పాప ఫీజు కట్టాలండి, ఇంక తగ్గించకండి బాబుగారూ" అని అతడు చెప్పెను. వ్యాపారస్థులందరును అట్లే చెప్పుదురని అనుకొంటిమి. చివరకు 4,500కు ఇచ్చెను. మేము గెలిచినట్లు సంతోషించితిమి.

కాపరిగారి భార్య ఆ చేపను కోయుచుండగా దాని కడుపులో నుండి రెండు పెద్ద జనలు బయటపడెను. ఆమె వాటిని పళ్లెములో పెట్టి, "ఇవన్నీ ఎన్ని పిల్లలు కావలసినవో కదండీ, అన్నయ్యగారూ" అని, మరల తన పని తాను చేసికొనుచుండెను. ఆమె మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, సన్నని సెగను వండినది. మేము తింటిమి. రుచిగా నుండెను. ఆ సంగతి మీకు దాచము. అయితే ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మేము మీయెదుట ఎన్నోసారులు చదివిన ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములు జ్ఞాపకమునకు వచ్చెను.

ఆ ఆజ్ఞ చాల చిన్నది. త్రోవలో నీకు పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీదనో గ్రుడ్లమీదనో కూర్చుండియున్నయెడల, పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. అట్లు చేసినవానికి మేలును దీర్ఘాయుష్షును కలుగునని దేవుడు సెలవిచ్చెను. గమనించుడి, తినవద్దని ఆయన చెప్పలేదు. రేపటిని తినివేయవద్దని చెప్పెను. పక్షియైనయెడల తల్లి వేరు, గ్రుడ్లు వేరు. ఒకటి తీసి ఒకటి విడువవచ్చును. పులస విషయములో తల్లియు గ్రుడ్లును ఒక్క దేహములోనే యున్నవి. ఒక్క పెద్ద చేప కడుపులో లక్షల గ్రుడ్లుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అవన్నియు బ్రదుకవు, నిజమే. కొన్నియైనను బ్రదుకవలెననియే గదా సృష్టికర్త అన్ని పెట్టెను!

అట్లయిన మేము ఏమి చేయవలసియుండెను? దానిని కొని నీటిలో విడిచిపెట్టవలసినదని మీరనవచ్చును. మేమును అదే తలంచితిమి. గాని పులస వలలో చిక్కి పైకి వచ్చిన కొద్దిసేపటికే చచ్చును. విడుచుటకు మా చేతిలో ప్రాణముతో నున్న చేప లేదు. పోనీ, వలవేయువానికి బుద్ధి చెప్పవలసినదా? తెల్లవారగానే మేము ఆ తలంపుతోనే రేవునకు పోయితిమి. మోషే ధర్మశాస్త్రములోని ఆ మాటను అతనికి వివరించితిమి. అతడు వల బాగుచేసికొనుచు మర్యాదతో వినెను. విని ఈలాగు చెప్పెను: "మంచి మాటేనండి, అయ్యగారూ. మా తాతల నాడు పడ్డట్టు ఇప్పుడు పడట్లేదని మాకూ తెలుసండి. కానీ గుడ్లతో ఉన్న చేపకే మీరు ఎక్కువ డబ్బులిస్తారు కదండి. నేను రెండు నెలలు వల మానేస్తే మా ఇంట్లో బియ్యం ఎవరు పోస్తారండి?"

ప్రియులారా, మేము సిగ్గుపడితిమి. అతని ఆకలిని సాకుగా పెట్టుకొని వచ్చినవారము కాము మేము. రుచి కొరకు వచ్చితిమి. అతనికి ఆ ఏరు పొలము, మాకు ఆటస్థలము. అయినను విడిచిపెట్టుమను ఆజ్ఞను మేము అతనికే చదివి వినిపించితిమి. పైగా అతని బిడ్డ ఫీజులో 1,500 రూపాయలు తగ్గించి వచ్చితిమి. ఇక్కడనే మా ప్రశ్నకు జవాబు కనబడెను. ఆజ్ఞ అందరికిని ఒక్కటే. గాని విడిచిపెట్టుట మొదట ఎవరి వంతు? కడుపు నిండినవాని వంతు. పొలము కోయునప్పుడు ఓరలను పూర్తిగా కోయక బీదలకు విడువవలెనని దేవుడు చెప్పినది పరిగె ఏరుకొనువానితో కాదు, పొలముగలవానితోనే (లేవీయకాండము 19:9, 10).

ఈ సంగతి తెలిసి నడుచుకొనుచున్న దేశములు లేకపోలేదు. బంగ్లాదేశములో ఇదే చేపను ఇలిష్ అందురు. అక్కడ అది గ్రుడ్లు పెట్టు అక్టోబరు ప్రాంతమున 22 దినములు పట్టరాదని ప్రభుత్వము నిషేధము పెట్టుచున్నది. పెట్టి ఊరకుండక, పని మానిన మత్స్యకారుల కుటుంబములకు బియ్యము పంచుచున్నది. మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు సముద్రములో మరపడవల వేట నిలుపుదురు. అప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వమును వేట మానినవారికి భృతి ఇచ్చుచున్నది. ఆ సాయము చాలునా, అందరికిని అందునా అనునది వేరు మాట. పద్ధతి మాత్రము ధర్మమైనది. వల ఎత్తుమని చెప్పువాడు కుండలో బియ్యమును పోయవలెను.

ప్రభువే పేతురు వలలను పిగులునంతగా నింపెను గదా, ఆయన ఆడుచేపలను వేరుచేయుమనెనా అని ఒకరు అడుగవచ్చును. చేయుమనలేదు. రాత్రియంతయు కష్టపడి వట్టిచేతులతో వచ్చిన జాలరికి ఆయన ఇచ్చిన దానము అది (లూకా 5:5, 6). అయితే అయిదువేలమంది తిని తృప్తిపొందిన తరువాత, ఏమియు వ్యర్థము కాకుండునట్లు మిగిలిన ముక్కలను పోగుచేయించినవాడును ఆయనే (యోహాను 6:12). ఆకలిగొన్నవానికి నిండు వలయు, తృప్తిపొందినవానికి జాగ్రత్తయు ఒక్క ప్రభువు చేతి నుండియే వచ్చినవి.

మన ఊళ్లలో పులస లేదు గనుక ఈ వాక్యము మనకు కాదని తలంచకుడి. కాలువలు కట్టివేసిన వేసవి దినములలో మడుగులలో నిలిచిన కొద్ది నీటిలో మందు కలిపి, పిల్లతో సహా చేపలను తేల్చువారు మనలో లేరా? దోమతెరలతో వేలెడు లేని పిల్లలను ఊడ్చి, సగము గట్టున పారవేయువారు లేరా? వారిలో అన్నము లేక చేయువారు కొందరే. సరదాకు చేయువారు ఎక్కువమంది. యౌవనస్థులారా, ఆడుకొనుడి, ఈదుడి, గాలము వేయుడి. దేవుడు ఏటిని మీ సంతోషమునకును ఇచ్చెను. కాని చిన్నదానిని మరల నీటిలో వేయుడి. గ్రుడ్లతో నున్నది గాలమునకు ప్రాణముతో దొరికినయెడల విడిచిపెట్టుడి. బజారులో కొనువారలారా, గ్రుడ్ల చేపకు ఎక్కువ ధర ఇత్తుమని పోటీపడకుడి. బీదవానియొద్ద కొనునప్పుడు బేరములో గెలుచుట గెలుపు కాదని మమ్మును చూచి నేర్చుకొనుడి.

ఆ దినమే మేము నలుగురము కూడి ఆ 1,500 రూపాయలు తీసికొనిపోయి అతనికిచ్చితిమి. అతడు మమ్మును పొగడలేదు. నోట్లు లెక్కపెట్టుకొని, "సరేనండి" అని జేబులో పెట్టుకొనెను. అది దానము కాదు, అతని సొమ్మేయని అతడెరుగును. ఏటికి మేము పడిన అప్పు మాత్రము తీరలేదు. దానిని చెల్లించు రేవు ఎక్కడను లేదు. ఇకమీదట ఆ కాలమున ఆ చేపను కొనకూడదని నలుగురమును నిర్ణయించుకొంటిమి. ఇది గొప్ప కార్యము కాదు. రుచి మరిగిన నాలుకకు సులభమును కాదు.

తరువాత ముమ్మిడివరము మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాము చేరి, అక్కడ నుండి ఎవరి ఊరికి వారు తిరిగి వచ్చితిమి. యానాము వంతెన మీద జీపు ఆపి దిగువకు చూచితిమి. సముద్రపు పోటు పైకి వచ్చుచుండెను. కంటికి కనబడని ఆ నీటిలో ఎన్ని తల్లులు గ్రుడ్ల బరువుతో ఎదురీదుచున్నవో దేవుడెరుగును. వాటికి కొంత దారి విడువగల మనస్సును, దారి విడిచిన బీదవాని కుండలో బియ్యము పోయగల చేతిని ఆయన మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.