పెత్రమాస పొద్దున, బతుకమ్మ సాయంత్రం: పాత జ్ఞాపకాలు మోహమేనా?

ఈ వారం వీడియోలో బతుకమ్మ పూల గురించి, తొమ్మిది రోజుల నైవేద్యాల గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక ఒక ప్రశ్న పక్కన పెట్టాల్సి వచ్చింది. రెండు నిమిషాల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వానలు తగ్గి, ఆకాశం కడిగినట్టు అయ్యి, చాంద్రాయణగుట్టలో రోడ్డు పక్కన తంగేడు కట్టలు, గునుగు కట్టలు కనిపించగానే మనసు చిన్నప్పటికి పరిగెత్తుతుంది. చాలా హాయిగా ఉంటుంది. మరి ఆ హాయి భక్తికి దగ్గరా, మోహానికి దగ్గరా? గతాన్ని పట్టుకుని వేలాడొద్దు, ఈ క్షణంలో ఉండు అని ప్రవచనాల్లో వింటాం. ఆఫీసులో మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ పెట్టినా అదే చెబుతారు. (రెండు చోట్లా ఒకే స్లైడ్లు తిప్పుతున్నారేమో అని నా అనుమానం.) నాకైతే ఆ మాటలో సగమే నిజం ఉందనిపిస్తుంది.

ముందు శరత్తు సంగతి. ఆ పేరు వినగానే మనలో చాలామందికి ఎర్రటి ఆకులు రాలే సీన్ గుర్తొస్తుంది. అది సినిమాల్లో చూసిన అమెరికా. మన లెక్కలో ఆకులు రాలేది శిశిరంలో. ఆశ్వయుజం, కార్తీకం మనకు శరత్తు, దాని గుర్తు తేటదనం. భాగవతం దశమ స్కంధం 20వ అధ్యాయంలో వర్షాకాలం, ఆ వెంటనే శరత్కాలం వర్ణన ఉంటుంది. అక్కడ నీళ్లు తేటపడటాన్ని మనసు తేరుకోవడంతో పోల్చారు. చెరువు తేటపడిందంటే మట్టి ఎక్కడికో పోయిందని కాదు కదా. అడుక్కి చేరి అక్కడే ఉంటుంది. కాలు పెడితే మళ్లీ లేస్తుంది. ఈ పోలికను మనసులో ఉంచుకోండి.

జ్ఞాపకం గురించి శాస్త్రాలు ఒక్క మాట మీద లేవు. పతంజలి యోగసూత్రాల్లో స్మృతి కూడా ఒక చిత్తవృత్తే. కానీ వృత్తులు క్లేశం పెట్టేవి, పెట్టనివి అని రెండు రకాలని ఆయనే అన్నాడు. గీత 2వ అధ్యాయంలో మనిషి పతనానికి మెట్లు చెబుతూ, స్మృతి చెదిరితే బుద్ధి నశిస్తుందని కృష్ణుడు అంటాడు. 18వ అధ్యాయం చివర్లో అర్జునుడు తన మోహం పోయిందని, స్మృతి తిరిగి దొరికిందని చెబుతాడు. అంటే అక్కడ మోహానికి విరుగుడే స్మృతి! ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తుల్లో మూడోది స్మరణ. శరత్ రాత్రి కృష్ణుడు కనబడకుండా పోతే గోపికలు ఏం చేశారు? ఆయన లీలలన్నీ గుర్తు చేసుకుని ఆడి చూపించారు. ఇంతకంటే తీయని జ్ఞాపకం ఎక్కడుంది? దాన్ని ఎవరూ మోహం అనలేదు.

మరి జడభరతుడి కథ? రాజ్యం వదిలి గండకీ తీరానికి వెళ్లిన భరతుడు ఒక జింకపిల్లను కాపాడి, పెంచి, చివరి క్షణంలో దాన్నే తలుచుకుంటూ పోయి జింకగా పుట్టాడు. 'చూశారా, జ్ఞాపకం బంధిస్తుంది' అని ఈ కథను అక్కడే ఆపేస్తారు చాలామంది. కథ అక్కడ ఆగదు. జింకగా పుట్టినా ఆయనకు పూర్వజన్మ గుర్తుంది. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో గుర్తుంది. ఆ జ్ఞాపకమే ఆయన్ని మళ్లీ ఒడ్డున పడేసింది. ఒకే మనిషిలో ఒక జ్ఞాపకం కట్టేసింది, ఇంకొకటి విప్పింది. నాకు కనిపించే తేడా ఏంటంటే, మొదటి దాంట్లో 'నా జింక' మాత్రమే ఉంది. రెండో దాంట్లో జరిగినదంతా ఉంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నా చిన్నప్పటి శరత్తు అంటే గునుగు పూలకు రంగులద్దడం, వేళ్లకు అంటిన గులాబీ రంగు నాలుగు రోజులు పోకపోవడం, సద్దుల నాడు పెరుగన్నం, పులిహోర, నువ్వుల సద్ది, అన్నింటికంటే ముఖ్యంగా మలీద ముద్దలు. నానమ్మ రొట్టెలు నలిపి, బెల్లం కలిపి ముద్దలు కడుతుంటే నేనూ చెల్లీ పక్కనే కాపలా. కొన్ని పక్కింటి ఖాలాకు వెళ్లేవి. ఆ గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు, సీజన్ అయితే బార్కస్ జామకాయలతో వచ్చేది. ఇది నా జ్ఞాపకం. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇందులో సాయంత్రాలు మాత్రమే ఉన్నాయి.

పొద్దున ఏం జరిగేదో నానమ్మ పోయాక నాన్న చెప్పాడు. ప్రతి పెత్రమాసకి ఇంటి పెద్దలందరి పేర్ల మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చేవాళ్లు. అది అయ్యాక నానమ్మ తనంతట తాను ఒక చిన్న చాటలో ఇంకొంచెం బియ్యం పోసి ఇచ్చేదట. చిన్నప్పుడే జ్వరంతో పోయిన తన చెల్లెలి పేరు మీద. శాస్త్రం ఒప్పుతుందా అని ఎవరూ అడగలేదు, అయ్యగారూ కాదనలేదు. సాయంత్రం అదే చేత్తో తంగేడు పూలు పేర్చి, ఆడబిడ్డలందరితో చప్పట్లు కొట్టి పాడేది.

బతుకమ్మ పుట్టుక గురించి చాలా కథలున్నాయి. ఒక కథలో ధర్మాంగదుడు అనే రాజు, సత్యవతి దంపతులకు నూరుగురు కొడుకులు పోయాక ఒక ఆడపిల్ల పుడుతుంది. 'బతుకమ్మా' అని దీవిస్తారు, అదే పేరవుతుంది. నానమ్మ ఆ పాటలు ఎవరిని తలుచుకుని పాడిందో నాకిప్పుడు తెలుసు. తెలిశాక మలీద ముద్దల తీపి తగ్గిందా అంటే లేదు. అది నా ఒక్కడి తీపిగా మాత్రం ఉండటం మానేసింది.

పంచాంగంలోనే ఈ వరుస ఉంది చూడండి. పెత్రమాస భాద్రపద అమావాస్య, అంటే వర్షర్తువులో ఆఖరి రోజు. మర్నాటి పాడ్యమితో శరత్తు మొదలు. మహాలయ పక్షం దాటకుండా నవరాత్రిలోకి దారి లేదు. ఎంగిలిపూల బతుకమ్మకు ఆ పేరు రావడానికి చెప్పే కారణాల్లో ఒకటి, ఆ రోజు పెద్దలకు పెట్టి, మనం తిన్నాక పేరుస్తాం కాబట్టి అని. ముందు పోయినవాళ్ల బాకీ, తర్వాత మన సంబరం. పెట్టినవాళ్లకు మనిషి మనసు బాగా తెలుసు అనిపిస్తుంది. వరుస తిరగేస్తే సంబరంలో బాకీ గుర్తు రాదు.

మన ఫోన్లకు ఈ వరుస తెలియదు. దసరా దగ్గర పడగానే 'ఇదే రోజు, కొన్నేళ్ల క్రితం' అని ఫోటోలు చూపిస్తుంది. మంచి మ్యూజిక్, నవ్వే ముఖాలు. ఇలాంటి ఫీచర్లు రాసేది నాలాంటి వాళ్లే, మసకగా ఉన్నవి, నొప్పి పెట్టేవి పక్కకు తీసేయమనే మేమూ అనుకుంటాం. అందులో తప్పేం లేదు. కానీ 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఆ ఆల్బమ్‌లో రాదు. హఫీజ్‌బాబానగర్‌లో, అల్ జుబైల్ కాలనీలో ఇళ్లలోకి వచ్చిన నీళ్లు, బండ్లగూడలో గోడ కూలి పోయిన ప్రాణాలు, ఆ వారంలోనే గుర్రం చెరువు గండి పడటం, ఇవేవీ రావు. ఆ ఏడు అధిక ఆశ్వయుజం. నవరాత్రి మొదలయ్యే సమయానికి చాలా ఇళ్లలో ఇంకా బురద ఎత్తిపోస్తున్నారు. ఖాలా వాళ్లది కింది పోర్షన్. మంచాలు, బియ్యం, కుట్టుమిషన్ అన్నీ పోయాయి. తర్వాత కొన్నాళ్లకు వాళ్లు ఇల్లు మారారు. అదీ మా శరత్తే.

ఈ ఊరికి ఇలా గుర్తుపెట్టుకోవడం కొత్త కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా ఒక చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇంకా ఉంది. ఏటా ఆ తేదీకి కొందరు దాని కింద చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు.

మహాలయంలో తర్పణం తండ్రి, తాత, ముత్తాతలతో ఆగదని మీలో ఎంతమందికి తెలుసు? తల్లి వైపు వాళ్లకు ఇస్తారు. ఆ తర్వాత కారుణ్య పితరులని ఒక వరుస ఉంటుంది. అందులో తోబుట్టువులు, మేనత్తలు, మామలు, గురువులు, స్నేహితులు కూడా వస్తారు. నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. మన జ్ఞాపకం మన కొడుకుల వరుసలోనే తిరగకుండా, లెక్కలోకి రాని వాళ్ల దాకా చేతులు చాపమంటుంది. నన్నడిగితే మోహానికి, స్మరణకు మధ్య గీత ఇక్కడే ఉంది. తలుచుకున్నాక మనం ఎవరికైనా ఏమైనా పెట్టామా, లేక ఊరికే తీపి చప్పరించి ఫోన్ పక్కన పెట్టామా? తీపిగా ఉండటం నేరం కాదు. గోపికల జ్ఞాపకమూ తీయనిదే.

మా ఇంట్లో ఈసారి పెత్రమాసకి అయ్యగారికి ఇచ్చే పేర్ల చీటీ నాన్న, నేను కూర్చుని రాశాం. నానమ్మ చెల్లెలి పేరు కూడా చేర్చాం. గోత్రం దగ్గర ఆగిపోయాం, పెళ్లి కాకుండా పోయింది కాబట్టి పుట్టింటిదే రాయాలి. అదేమిటో నాన్నకూ గుర్తు లేదు. నానమ్మ పుట్టింటి వైపు మిగిలిన ఒకే ఒక పెద్దాయనకు ఫోన్ చేస్తే, గోత్రం చెప్పి, కాసేపు ఆగి, "ఆ పిల్ల పేరు మీకెట్ల తెల్సు బిడ్డా?" అని అడిగాడు.