సాహిత్యమున అధికారి ఎవరు?

శాస్త్రగ్రంథము నారంభించునపుడు మన పెద్దలు ముందుగా అధికారి ఎవరో నిర్ణయించెడివారు. ఆ విచారము చదువువానిని గూర్చినది. నేడు వ్రాయువానిని గూర్చియు అట్టి ప్రశ్నయే వినవచ్చుచున్నది: ఒక సమాజపు జీవితమును వ్రాయు అధికారము అందు పుట్టినవానికే కలదా, ఎల్లరకును కలదా? అందరియందును ఉన్నది ఒకే ఆత్మ గనుక ఎవరిని గూర్చి ఎవరైనను వ్రాయవచ్చునని కొందరు తేలికగా తేల్చివేయుదురు. ఆత్మ ఒక్కటియే, కాని ఆకలి, అప్పు, వల ఎవరివి వారివే.

కలకత్తాలో జీవించిన ఇద్దరు రచయితలు తూర్పు వంగదేశపు జాలరులను గూర్చి నవలలు వ్రాసిరి. ఆ ప్రాంతము నేటి బంగ్లాదేశ్. మాణిక్ బందోపాధ్యాయ బ్రాహ్మణ కుటుంబమున జన్మించినవాడు. ఆయన 'పద్మా నదీర్ మాఝి' 1936లో గ్రంథముగా వెలువడెను. 'తితాస్ ఏక్‌టి నదీర్ నామ్' వ్రాసిన అద్వైత మల్లబర్మన్ 'మాలో' అనబడు జాలరి కులమున 1914లో పుట్టెను. బాల్యముననే తల్లిదండ్రులు పోగా, ఆ కులపు పేదలు చందాలు వేసికొని ఆయనను చదివించిరి. తరువాత ఆయన కలకత్తా చేరి పత్రికలలో పనిచేసెను.

మాణిక్ బాబు చూచినవి పేదరికము, మోసము, కామము. ఇవి ఏ మానవునకైనను తెలియదగినవే; కనుకనే ఆయన కుబేరుడు మనకు పరాయివాడుగా తోచడు. అద్వైతుడు మరియొక దానిని చూచెను. తితాస్ నది పూడిపోవుటకు ముందే మాలోల పాటలు పూడిపోయినవి. పైకులములవారి అండతో జాత్రా నాటకములు వాడలోనికి వచ్చి, తరతరముల పాటను వెనుకకు నెట్టి, జనమును రెండుగా చీల్చినవి. ఆకలిని వెలుపలివాడును గుర్తింపగలడు. పాట పోయిన యింటి నిశ్శబ్దమును గుర్తింపవలెనన్న, ఆ పాటను ముందు వినియుండవలెను గదా!

అట్లయిన పుట్టుకయే అధికారమా? తితాస్ ఒడ్డుననే వల విసరుచు ఉండిపోయినచో అద్వైతుడు ఆ నవల వ్రాసెడివాడు కాడేమో. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై రెండు పక్షులు కలవు; ఒకటి ఫలమును తినును, రెండవది ఊరక చూచును. (ఉపనిషత్తును నవలల చర్చకు దించుట కొందరికి రుచింపకపోవచ్చును.) నదికి దూరమైన పిదప అద్వైతుడు చూచు పక్షి కూడ అయ్యెను. మాణిక్ బాబు చూచుటలో మహానిపుణుడు. ఫలపు రుచిని మాత్రము ఊహించుకొనవలసి వచ్చినది.

మన తెలుగున ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' 1922లోను, జాషువగారి 'గబ్బిలము' 1941లోను వెలువడినవి. ఉన్నవవారి కలమును ఆపియున్నచో ఎవరికిని మేలు కలిగెడిది కాదు. కాని మాలపల్లి చదివితిమి గదా, ఇక గబ్బిలమేల యనుకొను పాఠకుడు జాషువగారికి అన్యాయము చేయుచున్నాడు. కలము పట్టినవాని కులముకంటె, అది ఇంతకాలము ఎవరి చేతికి అందలేదన్నదే నన్ను ఎక్కువగా బాధించు ప్రశ్న. అద్వైతుని నవల 1945లో ఒక మాసపత్రికలో కొంత వెలువడెను. పిదప వ్రాతప్రతి పోయినది. ఆయన మరల కూర్చుండి వ్రాసెను. 1951లో, ముప్పదియేడవ యేట, క్షయవ్యాధితో కన్నుమూసెను. ఆ నవల పుస్తకముగా వచ్చుటకు ఇంకను ఐదేండ్లు పట్టినది.