ఎవలు పాటించిండ్రు?

సర్కారు బడిల చిన్నపిల్లలకు సోషల్ చెప్పుడంటే చానామందికి అల్కటి పని. లెక్కలు చెప్పరానోనికి ఇచ్చే పీరియడ్ అని మా పంతుళ్ళే నవ్వుకునేవాళ్ళు. ఏండ్ల తరబడి ఆ పాఠం చెప్పిన మాదిగ పంతుల్ని నేను. అది ఎంత బరువైన పాఠమో నాకు ఒక పదేండ్ల పిలగాడు, వాళ్ళవ్వ నేర్పిండ్రు.

1992 జనవరి. చుండూరు జరిగి ఆర్నెల్లు కాలేదు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాల ఉన్న కేసముద్రం అప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. రైలు దిగి సైకిల్ మీద ఆ పక్కనే ఒక ఊరిబడికి పోయేవాణ్ణి. అయిదో తరగతి. జెండా పండుగ దగ్గరపడ్డదని రాజ్యాంగం గురించి చెప్తున్న. ‘1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 17వ అధికరణం ద్వారా అంటరానితనం నిషేధించబడింది’ అని బోర్డు మీద రాసిన. పిల్లలు రాసుకున్నరు.

నాకే గొంతుల అడ్డం పడ్డది. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిదిమంది దళితుల్ని చంపిండ్రు. 1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగల్ని చంపిండ్రు. అక్కడ తగాదా పుట్టింది తాగే నీళ్ళకాడనే. మరి నిషేధించబడ్డది ఏంది? అబద్ధం చెప్పి జీతం తీసుకుంటున్ననా? నిజం చెప్పాలె అనుకున్న. తొందరపడ్డ.

రెండో వరుసల కూసున్న మా మాదిగవాడ పిలగాణ్ణి లేపిన. ‘మనూళ్ళ ఇంక ఉన్నదారా? నీకు ఎవలన్న ఎత్తినుంచి నీళ్ళు పోసిండ్రా? చెప్పు’ అన్న. వాడు తల దించుకున్నడు. ‘వాళ్ళిండ్లల్ల మేం తాగం సార్’ అని ఎనుకనుంచి ఒకరన్నరు. అందరు నవ్విండ్రు.

తెల్లారి వాడు రాలే. మూడోనాడు వాడకు పోయిన. వాళ్ళవ్వ మిరపకాయ ఏరబోతున్నది. ‘సారూ, మనోడివని నీ దగ్గరికి తోలిన. పదిమందిల నా కొడుకు బట్టలిప్పితివి. మా గోస నీ పాఠానికి అక్కరకొచ్చిందా?’ అన్నది.

నిజం చెప్పుడు ధర్మమే. కానీ ఎవల మానం ఖర్చుపెట్టి చెప్పాలె? అంబేద్కర్ సతారా బడిలో ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూసున్న సంగతి మనకు ఎట్ల తెలుసు? పెద్దయినంక ఆయనే రాసుకున్నడు గనుక. చెప్పాల్నా వద్దా, ఎప్పుడు చెప్పాలె అన్నది ఆయన తేల్చుకున్నడు. నా పిలగానికి నేను ఆ అవకాశం ఇయ్యలే.

ఆ రాత్రి బోర్డు మీది మాటే మళ్ళమళ్ళ యాదికొచ్చింది. నిషేధించబడింది. అణచబడ్డారు. దూరంగా ఉంచబడ్డారు. ఈ ‘బడు’ ఉన్నకాడ చేసినోడు కనబడడు. ఆకాశంనుంచి వాన పడ్డట్టు అంటరానితనం దానంతటదే వచ్చి మా మీద పడ్డట్టుంటది. చేసినోణ్ణి పాఠంలనే దాచిపెడితిమి. అందుకే నా ప్రశ్న తిరిగి తిరిగి పడ్డోని మీదికే పోయింది.

పిలగాణ్ణి బతిమాలి తోలుకొచ్చిన. ఆనాడు ఎవర్నీ లేపలే. నా ముచ్చట చెప్పిన. చిన్నప్పుడు చేదబావికాడ దోసిలిపడితే ఎత్తినుంచి పోసేవాళ్ళు. నీళ్ళు మోచేతులనుంచి కారి లాగు తడిసేది. బడికి పోతే ఉచ్చపోసుకున్నడని నవ్వేవాళ్ళు. అది నా బతుకు, చెప్పే హక్కు నాది. తర్వాత బోర్డు మీద ‘ఎవలు పాటించిండ్రు?’ అని రాసిన. ‘జవాబు నాకు చెప్పొద్దు. ఇంటికి పోయి చూడుండ్రి’ అన్న.

నాలుగొద్దులకు ఒక పటేలు బిడ్డ ఒంటరిగ వచ్చింది. ‘మా అమ్మ మంచిది సార్. మరి జీతగానికి గిలాస వేరే ఎందుకు పెడ్తది?’ అనడిగింది. నాకు జవాబు తోచలే. ‘అమ్మనే అడుగు బిడ్డా’ అన్న.

వాళ్ళ నాయిన బడికొచ్చిండు. ‘పాఠం చెప్పుమంటే పోరగాండ్లకు కులం నేర్పుతున్నవా?’ అన్నడు. ‘పుస్తకంల ఉన్నదే చెప్పిన పటేలా’ అన్న. పిల్లలకు ‘ఎవలు’ అని అడుగుడు నేర్పినోణ్ణి, నేను పుస్తకం ఎనుక దాక్కున్న. ఆ సిగ్గు ఇప్పటికీ ఉన్నది.

పదేండ్ల పిల్లకు కన్నతల్లి మీద అనుమానం పుట్టించుడు న్యాయమా అని దోస్తులు అడుగుతరు. ఆ పిల్ల తప్పు చెయ్యలే. తల్లిని అసహ్యించుకొమ్మని నేను చెప్పలే. అయితే ఆ పిల్ల నిద్ర చెడొద్దని మా పిలగాని నిద్ర చెడగొట్టుడు ఇన్నేండ్లు నడిచింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసి ఊరుకోలే. దానిపేరుమీద ఎవలనన్న అడ్డుకునుడు శిక్షపడే నేరమన్నది. నేరమంటే చేసినోడు ఉండాలె కదా! ఆ బరువు చేసే ఇంట్ల మోస్తేనే తగ్గుతది. పడ్డోని నెత్తిన పెడితే పెరుగుతది.

రేపు పంతుళ్ళయ్యే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఈ సంగతి యాది పెట్టుకోవాలె. పిల్లలకు నిజం చెప్పుండ్రి. కానీ ఎవర్ని లేపి అడుగుతున్నరో చూసుకోండ్రి.

ఆ పిలగాడు బడి మానలే. వానికి ఎవలు ఎట్ల నీళ్ళు పోసిండ్రో నాకు ఎన్నడు చెప్పలే. నేను మళ్ళ అడగలే.