కూరకు పీట, కోసినోనికి వాకిలి

తిండి మైలదా, తినే మనిషి మైలవాడా? మన దేశంలో ఈ ప్రశ్నను తలకిందులుగా అడగడం అలవాటు చేసిండ్రు. 'వాళ్లు పెద్దకూర తింటరు, అందుకే దూరం పెట్టినం' అంటరు. మరి తినడం మానేసినోళ్లను దగ్గరికి తీసుకున్నరా అని అడిగితే జవాబుండదు. మాల మాదిగలలో మాంసమే ముట్టని భక్తులెందరో ఉన్నరు. వాళ్లకూ ఊరి బావి దూరమే అయింది. అంటే తప్పు కూరలో లేదు. కానీ ఇంకో ప్రశ్న మిగిలి ఉన్నది. రేపు అదే కూరను అందరూ మెచ్చుకొని తింటే మనకు గౌరవం వస్తదా? మనలో చాలమంది వస్తదనే అనుకుంటున్నరు. నేను అంత తొందరగా ఒప్పుకోలేను. ఎందుకో చెప్పడానికి మా పరిగి మాదిగవాడ నుంచి జపాను దాకా పోవాలె.

మా దిక్కు జొన్నల, కందుల నేల. పెద్దకూర అంటే ఎక్కువగా దున్నలేని ముసలి ఎడ్లు, పాలివ్వని బర్రెలు. కోసిన దినం తెల్లారకముందే మోదుగాకుల మీద పోగులు పడేవి. కండ, కార్జం, బోటి, బొక్క అన్నీ ప్రతి పోగులో ఉండాలె. ఒకరి పోగు ఇంకొకరి పోగుకన్న పెద్దది కాకుండ మా నాయిన చూసుకునేటోడు. మా అవ్వ పుంటికూర వేసి వండేది, జొన్నరొట్టెతోని తినేటోళ్లం. మిగిలినదాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు పసుపు పట్టించి దండెం మీద ఆరేసేది. పని దొరకని వానదినాల్లో ఆ తునకలే మా ఇంటి బ్యాంకు.

మా నాయినకు ఇంకో పని కూడా ఉండె. ఊర్లో ఎవరి గొడ్డు చచ్చినా మోసుకపోవాలె, తోలు ఒలవాలె. ఆ తోలును సున్నంలో నానేసి, లందలో తంగెడు చెక్కతో ఊరబెట్టి చెప్పులు, పగ్గాలు, డప్పు, మోట బొక్కెన చేసేటోడు. కరెంటు మోటార్లు రాకముందు ఆ బొక్కెనతోనే బావి నీళ్లు పొలానికి పారేవి. ఆ నీళ్లతో పండిన వడ్లు గుడికి పోయేవి, దేవునికి నైవేద్యం అయ్యేవి. తోలు తాకిన నీళ్లు ఎవరికీ మైల కాలేదు. ఆ తోలు కుట్టిన మా నాయిన బావి గట్టెక్కితే మాత్రం మైల. వస్తువు ఊర్లకు పోయింది, చేసినోడు వాడలో ఆగిపోయిండు. ఈ లెక్క నాకు పుస్తకాలు చదవకముందే తెలుసు.

కల్లు దగ్గరా ఇదే లెక్క. మండువలో తక్కినోళ్లు ముంత ముందర పెట్టుకొని కూచునేటోళ్లు. మావాళ్లు దూరంగా వంగి నిలబడి మోదుగాకు దొప్పను నోటికి పెట్టుకుంటే పైనుంచి పోసేటోళ్లు. ఆకు కారుతది, కాబట్టి ఆగి తాగే వీలు లేదు. ధార పడ్డంతసేపు మింగుడే. మా తాతకు తాటికల్లు, ఈతకల్లు తేడానే కాదు, ఏ చెట్టు కల్లో కూడ నాలుకకు తెలిసేదంట. కానీ ఆ నాలుకను కూచోబెట్టి రుచి అడిగినోడు లేడు. పొద్దటి కల్లు తీపి, మాపటి కల్లు పులుపు అని చెప్పేటంత తీరిక కూచున్నోనికే ఉంటది.

నేను ముప్పై ఏండ్లు సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన. మా బిడ్డ టోక్యోలో కంప్యూటర్ కొలువు చేస్తది. ఆమె దగ్గరికి పోయి నెలరోజులున్న. ఒకనాడు "నాయినా, నీకొక వంట చూపిస్త రా" అని అసాకుసా అనే పాత బస్తీకి తీసుకపోయింది. బయటి దేశాలోళ్లకు జపాను బియ్యపు మద్యం రుచి చూపించి, గొడ్డుకూర వండటం నేర్పే క్లాసు అది. మా బిడ్డ కొలువుకాడి మనవైపు పిలగాడు కూడా వచ్చిండు. పరిచయమైన రెండో నిమిషానికే "అంకుల్, మీ ఇంటిపేరేంది?" అని అడిగిండు. చెప్పిన. ఆయనకు ఏం అర్థమైందో నాకూ అర్థమైంది.

ముందు సాకె ఇచ్చిండ్రు. చెప్పే ఆమె చాలా ఓపికగా వివరించింది. బియ్యపు గింజ పైభాగాన్ని అరగదీస్తరు. గింజలో 60 శాతమో అంతకన్న తక్కువో మిగిలేదాకా అరగదీస్తే ఒక రకం, సగమో అంతకన్న తక్కువో మిగిలితే ఇంకా ఖరీదైన రకం. కోజి అనే బూజు పట్టించిన బియ్యం పిండిని తీపిగా మారుస్తది, ఆ తీపి పులిసి మద్యం అయితది. కల్లుకన్న ఘాటు, 15 శాతం దాకా ఉంటది. పూర్వం దీన్ని కాచింది చలికాలం పొలాల పనుల్లేక ఇల్లు విడిచి వలసొచ్చిన రైతులేనట. మా పాలమూరు వలసకూలీలు యాదికొచ్చిండ్రు. చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో మూడు రకాలు పోసి, "ముందు వాసన చూడండి, నాలుక మీద ఆపండి, వెంటనే మింగకండి" అన్నది. రుచి చూడటమంటే ఏందో నాకప్పుడు తెలిసింది. గిన్నె కావాలె, పీట కావాలె, టైము కావాలె. అన్నిటికన్న ముందు 'నీకెట్లనిపించింది?' అని అడిగే ఎదుటి మనిషి కావాలె.

తర్వాత కూర. ఇనుప పెనానికి గొడ్డు కొవ్వు రుద్ది, పల్చగా కోసిన కూర వేసి, పొడుగు ఉల్లికాడలు, సోయా గింజల జున్ను, సోయా పులుసు, చక్కెర కలిపి అందరి ముందరే ఉడికించిండ్రు. పచ్చిగుడ్డు సొనలో ముంచుకొని తినుడు. కొవ్వు కరిగే వాసన మా అవ్వ పొయ్యికాడి వాసనే. ఆ పిలగాడు మూడుసార్లు వేసుకున్నడు. నేను ఉండలేక "బాబూ, మా పరిగిల దీన్నే పెద్దకూర అంటరు" అన్న. ఆయన నవ్విండు. "అయ్యో అంకుల్, అది వేరే. ఇది వాగ్యూ. అది మేం ముట్టం."

మా బిడ్డ పుల్లలు పక్కన పెట్టి, "ముట్టనిది కూరనా, మమ్మల్నా అన్నా?" అని అడిగింది. "ఛ, ఇక్కడ కులాలెక్కడివి?" అన్నడు ఆయన.

వాగ్యూ అంటే జపాను గొడ్డు అని అర్థం, అంతే. ఊరు మారితే గొడ్డుకు పేరొచ్చింది. అయినా ఆ పిలగానిమీద నాకు కోపం లేదు, ఆయన మాటకు జవాబియ్యాలె. 'ఇక్కడ కులాలెక్కడివి' అన్న ఆ మాటకు జవాబు మేం కూచున్న ఆ బస్తీలోనే ఉన్నది.

జపానులో 675లో టెమ్ము చక్రవర్తి ఆవులు, గుర్రాలు, కుక్కలు, కోతులు, కోళ్ల మాంసం తినడం మీద నిషేధం పెట్టిండు. బౌద్ధం పేరుతో ఒక దిక్కు, చావు మైల అనే షింటో నమ్మకం ఇంకో దిక్కు. గొడ్డుమాంసం తినేటోళ్లు తిన్నరు, కాకపోతే 'మందు' అని పేరు పెట్టుకొని తిన్నరు. చచ్చిన గొడ్డును ఎత్తి తోలు తీసేటోళ్లకు మాత్రం 'ఎతా' అని పేరు పెట్టిండ్రు. ఆ మాటను నిండా మైల అనే అర్థమొచ్చే అక్షరాలతో రాసిండ్రు. గుడి డోలుకు తోలు వాళ్లదే, సమురాయి కవచానికి తోలు వాళ్లదే. టోక్యో దిక్కు వాళ్లందరికీ పెద్దగా ఉండే వంశపారంపర్య నాయకుణ్ణి దంజాఎమోన్ అనేటోళ్లు. ఆయన వాడ ఉన్నది ఆ అసాకుసాలోనే. మా డప్పు, మా లంద, మా వాడ అంత దూరాన కూడ ఉన్నయన్నమాట.

1871లో మేజీ సర్కారు ఆ పేరును రద్దు చేసి, వాళ్లు కూడ అందరితో సమానమని ప్రకటించింది. 1872 జనవరిలో చక్రవర్తే గొడ్డుమాంసం తిన్నట్టు లోకానికి తెలియజేసిండ్రు. పడమటి దేశాల తిండి నాగరికత అయిపోయింది. అప్పుడే కనగాకి రోబున్ అనే రచయిత గొడ్డుకూర అంగళ్లలో కూచున్న జనం మాటలతో హాస్యపు పుస్తకం రాసిండు, పేరు 'అగురనాబె'. ఆ పెనం ముందర కూచోనోడు వెనకబడ్డోడని అందులో ఎగతాళి. మనదగ్గర జరగాలని మనం కోరుకుంటున్నదంతా అక్కడ ఒకటి రెండేండ్లలో జరిగిపోయింది. రాజు తిన్నడు, చదువుకున్నోళ్లు తిన్నరు, పత్రికలు పొగిడినయి.

మరి కోసినోని సంగతి? 1873లో మిమాసాకా ప్రాంతంలో రైతుల తిరుగుబాటు వీళ్ల మీదికి మళ్లింది. 'మాతో సమానమా మీరు' అని ఇండ్లు తగలబెట్టిండ్రు, మనుషులను చంపిండ్రు. యాభై ఏండ్ల తర్వాత 1922 మార్చి 3న క్యోటోలో వాళ్లే సొంతంగా సుయిహేయ్‌షా అనే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. నేలను చదును చేసే సంఘం అని చెప్పుకోవచ్చు. 1975లో ఇంకో గుట్టు బయటపడ్డది. వాళ్ల వాడల పేర్లన్నీ అచ్చేసిన జాబితాలను కంపెనీలు చాటుగా కొన్నయి, కొలువులిచ్చేముందు చూసుకోవడానికి. 2016లో కూడ ఈ వివక్షను పోగొట్టాలని అక్కడ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. టోక్యోలోని షిబౌరా మాంసం మార్కెట్లో పనిచేసేటోళ్లకు వచ్చిన బూతు ఉత్తరాలను ఆ మార్కెట్లోనే జనం చూసేటట్టు పెట్టిండ్రు. కూరకు పీట వేసి నూటయాభై ఏండ్లయింది. కోసిన చేతికి ఇంకా ఉత్తరాలొస్తున్నయి.

అందుకే మన ఉద్యమాలను ఈ అనుభవం ముందర పెట్టి చూసుకోవాలె. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నడు. 1948లో 'అంటరానివారు' పుస్తకంలో ఆయనే ఒకప్పుడు బ్రాహ్మణులూ గొడ్డుమాంసం తిన్నరని, మానేసిన తర్వాత తినేటోళ్లను అంటరానివాళ్లను చేసిండ్రని వాదించిండు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. మానమన్నది కూరను కాదు, చచ్చిన గొడ్డును కూలికింద పారేసే వెట్టిని. పుస్తకం రాసింది కూరను పొగడటానికి కాదు, సిగ్గు ఎవరిదో తేల్చడానికి.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసిండ్రు. దాడులు జరిగినా బహిరంగంగా వండుకొని తిన్నరు. దాచుకొని తిన్న తరంవాణ్ణి కాబట్టి నాకది ఎంత ధైర్యమో తెలుసు. కానీ పండుగ అక్కడ ఆగిపోతే రేపు మా తునకలు కూడ ఏ పెద్ద హోటల్లోనో కొత్తపేరుతో పళ్లెంలకు వస్తయి, మా వాడ మాత్రం వాడగానే ఉంటది. 2016 జులై 11న గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టిండ్రు. ఆ తర్వాత గుజరాత్ దళితులు ఏం చేసిండ్రు? గొడ్డు కళేబరాలను తెచ్చి సర్కారు ఆఫీసు ముందర పడేసిండ్రు. 'మా తిండిని గౌరవించండి' అని బతిమాలలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నరు. లోకానికి ఆ చెయ్యి అప్పుడు కనపడ్డది.

మద్యం సంగతి కూడ దాటేయను. కల్లూ మా సంస్కృతే అని పాడుకోవడం సులువు. దూబగుంట ఆడోళ్లు మొదలుపెట్టిన సారా పోరాటంతో 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. వాళ్లకు సారా సంస్కృతిగా కనపడలేదు, మొగని కూలి మింగిన నోరుగా కనపడ్డది. మా తెలంగాణలో కల్లుల క్లోరల్ హైడ్రేట్, డైజిపాం కలిపి అమ్మి మనుషులను పిచ్చోళ్లను చేసిండ్రు. ఒళ్లు నొప్పులు మరవడానికి తాగేది రుచి కాదు. కూలి సక్కగ ఉండి, కడుపు నిండి, ఒళ్లు అలిసిపోకుండ ఉన్నోడే రుచి చూడగలడు. కాబట్టి నేను రుచి హక్కు అంటే తాగే హక్కు అంటలేను. తాగినా మానినా అది దొప్పకింద వంగి చేసే పని కాకూడదంటున్న.

చదువుకునే పిల్లలు నన్ను 'సార్, పెద్దకూరను అందరూ తినేటట్టు చేయడం మన ఎజెండానా?' అని అడుగుతుంటరు. తిననీయండి, మంచిదే. తిండికోసం మనిషిని కొట్టకుండా ఆపడం కూడ మన పనే. కానీ గెలిచినమని ఎప్పుడనుకోవాలెనో ఆ పెనం ముందర నేను నేర్చుకున్న. మనది తిన్నరా అని చూడొద్దు. తినేటప్పుడు మనం ఎక్కడ కూచున్నం? కోసినోనికి కూలి ఎంత ముట్టింది? వాని బిడ్డను ఆ ఇంట్లో కోడలిగ అడుగుతరా? ఈ మూడింటికి జవాబు సక్కగ వచ్చిన్నాడు ఆ పళ్లెంల పెద్దకూర ఉన్నా, పప్పు ఉన్నా నాకొక్కటే.